చిన్న ఆఫీసుకు పొదుపైన కలర్ లేజర్ ప్రింటర్‌ను ఎంచుకోవడం ఎలా

కలర్ లేజర్ ప్రింటర్ కొనేటప్పుడు చాలామంది మొదట అడిగేది మెషీన్ ఎంత అని. ఆ ఖర్చు ఒక్కసారితో అయిపోతుంది. టోనర్లు (రంగు పొడి నింపిన కార్ట్రిడ్జ్‌లు), డ్రమ్, బెల్ట్ లాంటి అరిగే భాగాల ఖర్చు మాత్రం ప్రింటర్ ఆఫీసులో ఉన్నన్నాళ్లూ వస్తూనే ఉంటుంది. ఓ మాదిరి వాడకం ఉన్న ఆఫీసులో రెండు మూడేళ్లు తిరిగేసరికి టోనర్లకు పెట్టిన డబ్బు మెషీన్ ధరను దాటిపోవడం మామూలే. చవకగా వచ్చిందని కొన్న ప్రింటర్ చివరికి ఖరీదైనదిగా తేలేది ఇందుకే. ఈ లెక్క కొన్న తర్వాత కాకుండా కొనకముందే వేసుకోవచ్చు. దానికి ఒక కాగితం, కాలిక్యులేటర్, కాస్త ఓపిక చాలు. ఎక్కడ మొదలుపెట్టి ఎలా వెళ్లాలో వరసగా చెప్తాను.

మొదట మీ పేజీలు లెక్కపెట్టండి

నెలకు ఎన్ని పేజీలు ప్రింట్ అవుతున్నాయో తెలియకుండా ఏ మోడల్ మంచిదో ఎవరూ చెప్పలేరు. నోటి లెక్కను నమ్మకండి. "రోజుకు ఓ యాభై తీస్తామేమో" అన్న ఆఫీసులో తీరా చూస్తే ఇరవయ్యే ఉండొచ్చు, నూటయాభై కూడా ఉండొచ్చు.

ఇప్పుడు మీ దగ్గర ఏదో ఒక ప్రింటర్ ఉంటే పని సులభం. దాని మెనూలో రిపోర్టుల కింద గానీ, మెషీన్ వివరాల కింద గానీ పేజీ కౌంటర్ ఉంటుంది. ఈ రోజు అంకె రాసిపెట్టుకుని సరిగ్గా నెల తర్వాత మళ్లీ చూడండి. ప్రింటర్ లేకపోతే గత కొన్ని నెలల్లో ఎన్ని రీముల పేపర్ అయిందో, బయట తీయించిన ప్రింట్ల బిల్లులు ఎన్ని ఉన్నాయో వెతకండి. రీముకు 500 షీట్లు కాబట్టి లెక్క తేలిగ్గానే వస్తుంది. పని ఎక్కువగా ఉండే నెలలు, అంటే ఆడిట్ సమయం, సంవత్సరాంతం లాంటివి ఉంటే వాటిని విడిగా రాసుకోండి.

మొత్తం వచ్చాక దాన్ని మూడు భాగాలు చేయండి. పూర్తిగా నలుపులో ఉన్న పేజీలు ఎన్ని? లోగో, హెడ్డింగ్, చిన్న గ్రాఫ్ లాంటి కొద్దిపాటి రంగు ఉన్నవి ఎన్ని? బ్రోషర్లు, ఫోటోలు, ప్రెజెంటేషన్ స్లైడ్ల లాంటి నిండు రంగు పేజీలు ఎన్ని? ఈ మూడో రకం తక్కువే ఉంటుంది గానీ టోనర్‌ను ఎక్కువగా తినేసేది అదే. మిగతా లెక్కలన్నీ ఈ మూడు అంకెల మీదే ఆధారపడతాయి కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

కలర్ లేజర్ మీకు నిజంగా అవసరమా?

నెలకు పాతిక ముప్పై కలర్ పేజీలు కూడా దాటని ఆఫీసుకు కలర్ లేజర్ కొనమని నేను చెప్పను. మంచి బ్లాక్ అండ్ వైట్ లేజర్ ఒకటి కొనుక్కుని, ఆ కాసిని కలర్ ప్రింట్లు బయట తీయించుకోవడమే లాభం. బ్లాక్ లేజర్‌లో టోనర్ ఒక్కటే, ట్రాన్స్‌ఫర్ బెల్ట్ ఉండదు, రంగులు ఒకదానిపై ఒకటి సరిగ్గా పడేలా సరిచూసుకునే పని ఉండదు. భాగాలు తక్కువైతే చెడిపోయేవీ తక్కువే.

మీకు కావాల్సింది ముఖ్యంగా ఫోటోలైతే ఇంక్ ప్రింటర్ వైపు చూడండి. లేజర్‌లో ఫోటో చూడదగ్గట్టే వస్తుంది గానీ, మంచి ఫోటో పేపర్ మీద ఇంక్ ఇచ్చే నునుపు రాదు. ఇంక్ ట్యాంక్ ప్రింటర్లలో పేజీ ఖర్చు కూడా చాలా తక్కువ, కరెంటూ తక్కువ తీసుకుంటాయి. అయితే వాటిని వారాల తరబడి వాడకుండా వదిలేస్తే హెడ్‌లో ఇంక్ ఎండి పూడుకుపోయే ప్రమాదం ఉంది. కొన్ని రకాల ఇంకులు నీటి చుక్క పడితే చెదురుతాయి. లేజర్ టోనర్ అలా కాదు. అది సన్నని ప్లాస్టిక్ పొడి. మెషీన్‌లో ఫ్యూజర్ అనే భాగం వేడికి కరిగి కాగితానికి అతుక్కుపోతుంది. అందుకే తడి తగిలినా అక్షరం చెదరదు, నెల రోజులు కదపకపోయినా పొడి ఎండిపోదు. ఒప్పంద పత్రాలు, ఇన్వాయిస్‌లు, కొటేషన్లు, ఫైళ్లలో ఏళ్ల తరబడి దాచే కాగితాలు ఎక్కువగా తీసే ఆఫీసుకు లేజర్ నప్పేది ఈ కారణాల వల్లే.

నెలకు వేలల్లో కలర్ పేజీలు తీసేవాళ్లు కొనడానికి బదులు పేజీకి ఇంత చొప్పున అద్దెకు తీసుకునే పద్ధతినీ అడిగి చూడాలి. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఇలాంటి ఒప్పందాల్లో సాధారణంగా పేజీలో రంగు ఎంత ఉందన్నది చూడరు, ఉందా లేదా అన్నదే చూస్తారు. పేజీ అంతా నలుపే ఉండి ఒక మూల నీలి రంగు ఈమెయిల్ లింక్ ఉన్నా అది కలర్ పేజీగా లెక్కకు వస్తుంది.

టోనర్ పెట్టె మీది అంకెను ఎలా చదవాలి

ప్రతి కార్ట్రిడ్జ్‌కూ ఇన్ని పేజీలు వస్తాయని కంపెనీ ఒక అంకె ఇస్తుంది. దాన్ని పేజీ ఈల్డ్ అంటారు. కలర్ లేజర్ టోనర్లకు ఈ అంకెను ఐఎస్ఓ/ఐఈసీ 19798 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కొలుస్తారు. బ్లాక్ అండ్ వైట్ మెషీన్లకు ఉన్న ప్రమాణం 19752. అన్ని కంపెనీలూ ఒకే రకం పరీక్ష పేజీలు ప్రింట్ చేసి కొలుస్తాయి కాబట్టి వేర్వేరు బ్రాండ్లను పక్కపక్కన పెట్టి పోల్చడానికి ఇది చక్కగా పనికొస్తుంది. పెట్టె మీద ఐఎస్ఓ మాట లేకుండా ఉత్త అంకె ఒక్కటే ఉంటే దాన్ని పోలికకు తీసుకోకండి.

మీ ఆఫీసులో సరిగ్గా అన్ని పేజీలే వస్తాయని మాత్రం అనుకోవద్దు. ఆ పరీక్ష పేజీల్లో ఒక్కో రంగు పేజీలో సుమారు 5 శాతం చోటునే ఆక్రమిస్తుంది. పరీక్షలో ప్రింటర్ వరసగా పేజీలు తీస్తూ పోతుంది. ఆఫీసులో అలా జరగదు. ఇప్పుడొక పేజీ, అరగంటకు రెండు పేజీలు తీస్తాం. ప్రతిసారీ మెషీన్ లేచి, వేడెక్కి, లోపలి భాగాలను తిప్పి, అప్పుడప్పుడు రంగుల సర్దుబాటు చేసుకుంటుంది. అందులో కొంత టోనర్ పోతుంది, డ్రమ్ కూడా అరుగుతుంది. ఇక నిండు రంగు పేజీల సంగతి చూడండి. 6,000 పేజీలని రాసి ఉన్న సయాన్ (ఆకాశనీలం) టోనర్‌తో, పేజీలో సగం సయానే ఉండే బ్రోషర్ తీస్తే ఒక్కో పేజీకి పది రెట్లు టోనర్ పోతుంది. అంటే వచ్చేది 600 పేజీలు. బ్రోషర్ పనిని బయటి ప్రెస్‌కు ఇవ్వడమే మేలని నేను గట్టిగా చెప్పేది ఈ లెక్క చూసే.

ఇంకో రెండు విషయాలు అడిగి తెలుసుకోండి. ఒకటి, ప్రింటర్‌తో పాటు పెట్టెలో వచ్చే టోనర్లు. చాలా మోడళ్లలో ఇవి స్టార్టర్ కార్ట్రిడ్జ్‌లు. పూర్తిగా నింపినవి కావు. కొన్న కొద్ది నెలలకే నాలుగు టోనర్లూ ఒకేసారి కొనాల్సి వచ్చి కంగారుపడేది ఇక్కడే. స్టార్టర్‌తో ఎన్ని పేజీలు వస్తాయో స్పెసిఫికేషన్ షీట్‌లో ఉంటుంది. రెండోది, అదే మెషీన్‌కు పెద్ద సైజు కార్ట్రిడ్జ్ దొరుకుతుందా అన్నది. ఉదాహరణకు ఎచ్‌పీ 415 వరసలో మామూలు బ్లాక్ టోనర్ 2,400 పేజీలు, పెద్దది 7,500 పేజీలు ఇస్తాయని కంపెనీ లెక్క. కలర్‌లో అవే 2,100, 6,000. అదే కంపెనీ చిన్న కలర్ లేజర్లకు వచ్చే 117ఎ టోనర్‌లో బ్లాక్ 1,000 పేజీలు, కలర్ 700 పేజీలే. సాధారణంగా పెద్ద కార్ట్రిడ్జ్‌లో పేజీ ఖర్చు తక్కువ పడుతుంది. కొన్ని మోడళ్లకు పెద్ద సైజే ఉండదు. ఇలాంటి మెషీన్ ధర ఎంత తక్కువైనా, వాడకం ఎక్కువ ఉన్న ఆఫీసు దాని జోలికి పోకూడదు.

మూడేళ్ల లెక్క వేయండి

ఇప్పుడు అసలు పని. మీకు నచ్చిన మూడు నాలుగు మోడళ్లు రాసుకోండి. ఒక్కోదానికి మెషీన్ ధర, నాలుగు టోనర్ల ధరలు, వాటి పేజీ ఈల్డ్ రాయండి. టోనర్ ధరను ఈల్డ్‌తో భాగిస్తే పేజీ ఖర్చు వస్తుంది. నలుపు పేజీకి బ్లాక్ టోనర్ ఖర్చు ఒక్కటే. కలర్ పేజీకి బ్లాక్, సయాన్, మజెంటా, ఎల్లో నాలుగింటి ఖర్చూ కలపాలి.

డబ్బును యూనిట్లుగా అనుకుని ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు నేను లెక్క కోసం తీసుకున్నవి, మీరు మీ మోడళ్ల ధరలు పెట్టుకోండి. ఆఫీసులో నెలకు 600 పేజీలు, అందులో 200 కలర్, 400 నలుపు. మూడేళ్లకు 7,200 కలర్ పేజీలు, 14,400 నలుపు పేజీలు అవుతాయి.

మొదటి మెషీన్ ధర 100 యూనిట్లు. బ్లాక్ టోనర్ 20 యూనిట్లకు 1,000 పేజీలు ఇస్తుంది. మిగతా మూడూ ఒక్కోటి 20 యూనిట్లకు 700 పేజీలు ఇస్తాయి. నలుపు పేజీకి 0.02 యూనిట్లు, కలర్ పేజీకి సుమారు 0.106 పడుతుంది. మూడేళ్లలో నలుపు పేజీలకు 288, కలర్ పేజీలకు సుమారు 761, మెషీన్‌కు 100. మొత్తం సుమారు 1,149 యూనిట్లు.

రెండో మెషీన్ ధర దానికి రెట్టింపు, 200 యూనిట్లు. పెద్ద బ్లాక్ టోనర్ 75 యూనిట్లకు 7,500 పేజీలు, ఒక్కో కలర్ టోనర్ 90 యూనిట్లకు 6,000 పేజీలు. నలుపు పేజీకి 0.01, కలర్ పేజీకి 0.055 పడుతుంది. మూడేళ్లలో నలుపు పేజీలకు 144, కలర్ పేజీలకు 396, మెషీన్‌కు 200. మొత్తం 740.

రెండింతలు పెట్టి కొన్న మెషీనే 400 యూనిట్లకు పైగా మిగిల్చింది. టోనర్ ధర 90 అని చూడగానే గుండె ఝల్లుమంటుంది, 20 అంటే ప్రాణం హాయిగా ఉంటుంది. కానీ చూడాల్సింది పేజీకి ఎంత పడిందన్నదే.

అలాగని ఖరీదైన మెషీనే ఎప్పుడూ మంచిదని తేల్చేయకండి. ఇదే లెక్కను నెలకు 100 పేజీలకు వేస్తే మొదటి మెషీన్ మూడేళ్ల ఖర్చు సుమారు 275, రెండోది 290. అంటే తక్కువ వాడకం ఉన్నచోట చిన్న మెషీనే కాస్త చవక. ఈ ఉదాహరణలో రెండూ సమానమయ్యేది నెలకు సుమారు 120 పేజీల దగ్గర. మీ అంకెలతో ఆ గీత ఎక్కడ పడుతుందో చూసుకోండి. మీ వాడకం దానికి దగ్గర్లో ఉంటే ధరను పక్కనపెట్టి సర్వీసు, సౌకర్యం చూసి నిర్ణయించుకోవచ్చు. వాడకం మరీ తక్కువైతే పెద్ద టోనర్లు ముందే కొని నిల్వ పెట్టకండి. సగం కూడా వాడకముందే మెషీన్ మార్చాల్సి వస్తే ఆ డబ్బు పోయినట్టే.

టోనర్ తర్వాత వచ్చే ఖర్చులు

కలర్ లేజర్‌లో అరిగిపోయేది టోనర్ ఒక్కటే కాదు. డ్రమ్ మీద బొమ్మ తయారవుతుంది, చాలా మెషీన్లలో అది ట్రాన్స్‌ఫర్ బెల్ట్ మీదకు వచ్చి కాగితం మీద పడుతుంది, ఫ్యూజర్ దాన్ని వేడితో అతికిస్తుంది, మిగిలిపోయిన పొడి వేస్ట్ టోనర్ డబ్బాలోకి పోతుంది. వీటికీ ఆయుష్షు ఉంటుంది, ధర ఉంటుంది.

ఇక్కడ కంపెనీల పద్ధతులు వేరు. ఎచ్‌పీ, కెనాన్ చిన్న కలర్ లేజర్లలో చాలావాటికి డ్రమ్ టోనర్ కార్ట్రిడ్జ్‌లోనే కలిసి ఉంటుంది. టోనర్ మార్చినప్పుడల్లా కొత్త డ్రమ్ వస్తుంది. ప్రింట్ నాణ్యత నిలకడగా ఉంటుంది, గుర్తుపెట్టుకోవాల్సిన భాగాలు తక్కువ. కానీ కార్ట్రిడ్జ్ ధర ఎక్కువ. బ్రదర్ మోడళ్లలో డ్రమ్, బెల్ట్, వేస్ట్ డబ్బా విడివిడిగా కొనాలి. టోనర్ కాస్త తక్కువకు వస్తుంది గానీ కొన్నాళ్లకు డ్రమ్ సెట్ ఖర్చు ఒక్కసారిగా మీద పడుతుంది. క్యోసెరా ఎకోసిస్ వరస ఎక్కువ కాలం నిలిచే డ్రమ్‌లకు పేరున్నది. దానిలో మెషీన్ ధర ఎక్కువైనా తర్వాత మార్చే వస్తువు ప్రధానంగా టోనరే. ఏ పద్ధతైనా తప్పు కాదు. మూడేళ్లలో మీరు తీసే మొత్తం పేజీలకు ఏ భాగం ఎన్నిసార్లు మార్చాల్సి వస్తుందో చూసి, ఆ ఖర్చును పైన వేసిన లెక్కకు కలిపితే సరిపోతుంది. డ్రమ్ ఆయుష్షు అంకె పక్కన, ఒక్కో ప్రింట్ ఆర్డర్‌కు సగటున ఎన్ని పేజీలని లెక్కేశారో కూడా చూడండి. విడి పేజీలు ఎక్కువగా తీసే ఆఫీసులో డ్రమ్ ఇంకా తొందరగా అరుగుతుంది.

ఒకే సారి నాలుగు రంగులా, నాలుగు సార్లా?

చవక కలర్ లేజర్లలో కొన్నింటికి డ్రమ్ ఒక్కటే ఉంటుంది. నాలుగు రంగులనూ ఒకదాని తర్వాత ఒకటి దాని మీదే తయారుచేస్తుంది. దీన్ని ఫోర్ పాస్ అంటారు. మిగతావాటిలో నాలుగు రంగులకూ నాలుగు డ్రమ్‌లు వరసగా ఉంటాయి. కాగితం ఒక్కసారి వెళ్తే పని అయిపోతుంది. దుకాణంలో ఎవరూ ఈ తేడా చెప్పకపోయినా స్పెసిఫికేషన్‌లోని వేగం చెప్పేస్తుంది. ఎచ్‌పీ కలర్ లేజర్ 150 వరసలో నలుపు నిమిషానికి 18 పేజీలు, కలర్ 4 పేజీలు. నలుపుకూ కలర్‌కూ ఇంత తేడా ఉంటే అది ఫోర్ పాస్ అని అర్థం. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే ఒకేసారి నాలుగు రంగులూ వేసే రకం.

రోజుకు పది కలర్ పేజీలు తీసేవారికి ఫోర్ పాస్ సరిపోతుంది, మెషీన్ కూడా చిన్నగా ఉంటుంది. ముప్పై పేజీల కలర్ రిపోర్టు తీసి మీటింగ్‌కు పరిగెత్తాల్సిన ఆఫీసుకు మాత్రం అది టెన్షనే. పైగా ఒక కలర్ పేజీకి డ్రమ్ నాలుగుసార్లు పనిచేస్తుంది కాబట్టి, రంగు ఎక్కువ వాడే చోట డ్రమ్ ఆయుష్షు ఆ మేరకు తగ్గిపోతుంది. ఎల్ఈడీ ప్రింటర్ అని రాసి ఉంటే గాభరా పడకండి. లేజర్ కిరణానికి బదులు ఎల్ఈడీల వరస వాడతారు, టోనర్, ఫ్యూజర్ పనితీరు ఒకటే.

డ్యూటీ సైకిల్ అనే అంకె

ప్రకటనల్లో పెద్దగా కనిపించే డ్యూటీ సైకిల్ అంటే నెలలో మెషీన్ తట్టుకోగల గరిష్ఠ పేజీలు. రోజూ అలా వాడమని కాదు. దాని కిందనే నెలకు సిఫారసు చేసిన పేజీలని ఇంకో అంకె ఉంటుంది. 50,000 డ్యూటీ సైకిల్ ఉన్న మెషీన్‌కు సిఫారసు 4,000 లోపే ఉండొచ్చు. మీ నెల లెక్క ఈ రెండో అంకెలో సగానికి అటూ ఇటూ ఉంటే మెషీన్ ఎక్కువ కాలం తిప్పలు పెట్టకుండా నడుస్తుంది.

కంపాటిబుల్ టోనర్, చిప్ సంగతి

కంపెనీ టోనర్‌కు బదులు వేరేవాళ్లు చేసిన కంపాటిబుల్ టోనర్, లేదా రీఫిల్ చేయించిన టోనర్ వాడితే ఖర్చు బాగా తగ్గుతుంది. నలుపులో ఇది చాలాచోట్ల ఇబ్బంది లేకుండా నడుస్తుంది. కలర్‌లో జాగ్రత్త కావాలి. రంగు పొడి కరిగే ఉష్ణోగ్రత, రేణువు పరిమాణం మెషీన్‌కు సరిపడకపోతే లోగో రంగు మారిపోతుంది, పొడి కాగితానికి అంటకుండా రాలుతుంది, బెల్ట్, ఫ్యూజర్ మురికి పడతాయి. అలా పాడైన భాగానికి వారంటీ వర్తించకపోవచ్చు.

ఇంకో ముఖ్యమైన విషయం, ఇప్పటి కార్ట్రిడ్జ్‌ల మీద చిన్న చిప్ ఉంటుంది. కొన్ని మెషీన్లు కంపెనీ చిప్ లేని టోనర్‌ను అసలు ఒప్పుకోవు. మరికొన్ని ఫర్మ్‌వేర్ (మెషీన్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ తర్వాత ఒప్పుకోవడం మానేస్తాయి. కొన్ని మోడళ్లయితే ఇంటర్నెట్‌కు ఎప్పుడూ కనెక్ట్ అయి ఉండాలి, కంపెనీ టోనరే వాడాలి అన్న షరతుతోనే అమ్మిన సందర్భాలున్నాయి. కంపాటిబుల్ టోనర్ వాడే ఉద్దేశం ఉంటే ఈ షరతులు కొనకముందే చదవండి. పెట్టె తెరిచి, ఖాతా తెరిచి, 'అంగీకరిస్తున్నాను' నొక్కాక వెనక్కి తిరగడం కష్టం.

నా సలహా ఇది. వారంటీ ఉన్నన్నాళ్లు కంపెనీ టోనర్ వాడండి, మీ మూడేళ్ల లెక్క కూడా కంపెనీ టోనర్ ధరతోనే వేయండి. ఆ లెక్కలో నెగ్గిన మెషీన్ తర్వాత కంపాటిబుల్ టోనర్ దొరికితే ఇంకా చవక అవుతుంది. కంపాటిబుల్ టోనర్ ఉంటేనే గిట్టుబాటయ్యే మెషీన్‌ను మాత్రం నమ్ముకోకండి.

ఐదేళ్ల తర్వాత టోనర్ దొరుకుతుందా అన్నదీ ఆలోచించాలి. శామ్‌సంగ్ తన ప్రింటర్ వ్యాపారం మొత్తాన్ని 2017లో ఎచ్‌పీకి అమ్మేసింది. పెద్ద పేరున్న కంపెనీ కూడా ఒక రంగం నుంచి ఇలా తప్పుకోవచ్చు. కాబట్టి మీరు కొనే మోడల్ టోనర్ కనీసం రెండు మూడు చోట్ల దొరుకుతోందా, ఆ వరస మెషీన్లు ఇంకా తయారవుతున్నాయా చూసుకోండి. భారీ తగ్గింపుతో అమ్మే మోడల్ అయితే, దాన్ని ఆపేస్తున్నారేమో తప్పకుండా అడగండి.

మిగతా సౌకర్యాలు

రెండు వైపులా తానే ప్రింట్ చేసే డూప్లెక్స్ లేని మెషీన్ తీసుకోకండి. డూప్లెక్స్ వాడితే పేపర్ ఖర్చు సగానికి దగ్గరగా తగ్గుతుంది. వైఫై ఉన్నా సరే, ఈథర్నెట్ పోర్టు కూడా ఉండాలి. ఆఫీసులో ప్రింటర్‌ను కేబుల్‌తో కలిపితే "ప్రింటర్ ఆఫ్‌లైన్" గొడవ చాలావరకు ఉండదు. ఫోన్ నుంచి ప్రింట్ చేయాలంటే ఐఫోన్లకు ఎయిర్‌ప్రింట్, ఆండ్రాయిడ్‌కు మోప్రియా ఉన్నాయో లేదో చూడండి. పాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ గానీ లినక్స్ గానీ వాడుతుంటే పీసీఎల్ లేదా పోస్ట్‌స్క్రిప్ట్ (ప్రింటర్లు అర్థం చేసుకునే భాషలు) సపోర్ట్ ఉన్న మోడల్ తీసుకోండి. కంప్యూటర్ డ్రైవర్ మీదే పూర్తిగా ఆధారపడే చవక మెషీన్లు ఇలాంటి చోట మొరాయిస్తాయి.

స్కానర్, కాపీ కలిసిన ఆల్ ఇన్ వన్ కావాలా అంటే, స్కానింగ్ పని రోజూ ఉంటే తీసుకోండి. అప్పుడు పైన కాగితాల కట్ట పెట్టే ఏడీఎఫ్ రెండు వైపులనూ ఒకేసారి స్కాన్ చేసేదిగా ఉండాలి. స్కానింగ్ వారానికోసారే అయితే ఆ డబ్బుతో మంచి ప్రింటర్ తీసుకోవడం నయం. ట్రేలో 250 షీట్లు పట్టాలి. కవర్లు, లెటర్‌హెడ్‌లు, లేబుళ్లు పెట్టడానికి విడిగా చిన్న ట్రే ఉండటం మంచిది. లేబుళ్లు, మెరుపు కాగితాలు కొనేటప్పుడు లేజర్‌కు పనికొచ్చేవేనా అని చూడండి. ఇంక్ ప్రింటర్ ఫోటో పేపర్‌ను లేజర్‌లో పెడితే దాని పూత వేడికి కరిగి ఫ్యూజర్‌కు అంటుకుంటుంది, ఆ రిపేరు ఖర్చు చిన్నది కాదు.

కొనకముందు మీ ఫైలుతో ప్రింట్ తీయించండి

షోరూములో చూపించే నమూనా పేజీ ఎప్పుడూ అందంగానే ఉంటుంది. మీ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్‌గా తీసుకెళ్లండి. నాలుగు రకాలుంటే చాలు: చిన్న అక్షరాలున్న మీ ఇన్వాయిస్, మీ లోగో పెద్ద సైజులో నిండు రంగుతో ఉన్న పేజీ, మనుషుల ముఖాలున్న ఫోటో, లేత బూడిద రంగు నిండా పరిచిన పేజీ.

ఇన్వాయిస్‌లో ఆరో ఏడో పాయింట్ అక్షరాలు విడివిడిగా చదవగలగాలి. తెలుగులో ప్రింట్ చేసేవాళ్లు ఒత్తులు, వట్రసుడులు పూడిపోకుండా వచ్చాయేమో చూడాలి. రంగు నేపథ్యం మీద తెల్ల అక్షరాల అంచుల్లో ఎరుపో నీలమో తొంగిచూస్తుంటే రంగులు ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చోలేదని అర్థం. అలైన్‌మెంట్ చేయించి మళ్లీ తీయించండి, అప్పటికీ పోకపోతే వేరే మోడల్ చూడండి. బూడిద పేజీలో అడ్డంగా చారలు కనిపిస్తే అది మీ ప్రతి గ్రాఫ్‌లోనూ కనిపిస్తుంది. నిండు రంగు మీద బొటనవేలితో గట్టిగా రుద్దండి. రంగు వేలికి అంటకూడదు. తర్వాత మెషీన్‌ను కాసేపు వదిలేసి, నిద్రలోకి వెళ్లాక ఒక పేజీ పంపి ఎంతసేపటికి బయటికొచ్చిందో చూడండి. ఒకటీ రెండూ పేజీలు తీసే ఆఫీసుకు నిమిషానికి ఎన్ని పేజీలన్న దానికంటే ఈ మొదటి పేజీ సమయమే ముఖ్యం.

సెకండ్ హ్యాండ్ మెషీన్ అయితే కాన్ఫిగరేషన్ పేజీ, సప్లైస్ పేజీ ప్రింట్ తీయించకుండా డబ్బు ఇవ్వకండి. మొత్తం పేజీలు, డ్రమ్, బెల్ట్, ఫ్యూజర్‌లలో మిగిలిన శాతం అందులో ఉంటాయి. మెషీన్ తక్కువకు వచ్చినా బెల్ట్, ఫ్యూజర్ రెండూ చివరికొచ్చి ఉంటే కొత్తదే నయం.

కరెంటు, పెట్టే చోటు

ప్రింట్ చేసేటప్పుడు కలర్ లేజర్ కొన్ని వందల వాట్లు తీసుకుంటుంది. ఫ్యూజర్ వేడెక్కే క్షణంలో ఇంకా ఎక్కువ లాగుతుంది. అందుకే కంప్యూటర్ల యూపీఎస్‌కు దీన్ని కలపకండి. యూపీఎస్ ట్రిప్ అయితే కంప్యూటర్లూ ఆగిపోతాయి. గోడ సాకెట్‌కు నేరుగా పెట్టండి. చాలా మెషీన్ల బరువు పదిహేను, ఇరవై కిలోల దాకా ఉంటుంది కాబట్టి బల్ల కదలకుండా ఉండాలి. వెనక, పక్కల గాలి ఆడేంత ఖాళీ ఉంచండి, మెషీన్ ఫ్యాన్ గాలి ఎవరి ముఖానికీ ఎదురుగా వచ్చేలా పెట్టకండి. పేపర్ రీములను తేమ తగలని చోట, కవరుతో సహా ఉంచండి. పేపర్ జామ్‌లు, అంచులు ముడుచుకోవడం చాలావరకు తేమ వల్లే.

పొడి ఒలికితే వేడి నీళ్లు తగలనివ్వకండి, బట్టకో చేతికో అతుక్కుపోతుంది. పొడి గుడ్డతో తుడిచి, తర్వాత చన్నీళ్లతో కడగండి. మామూలు వాక్యూమ్ క్లీనర్ వాడొద్దు, అంత సన్నని పొడి దాని ఫిల్టర్‌లోంచి మళ్లీ గదిలోకి వచ్చేస్తుంది.

బిగించిన రోజే చేయాల్సిన సెట్టింగులు

లెక్కలన్నీ వేసి మంచి మెషీన్ కొన్నా, ఈ పని చేయకపోతే పొదుపు సగం పోతుంది. ప్రతి కంప్యూటర్‌లో డిఫాల్ట్‌ను బ్లాక్ అండ్ వైట్, రెండు వైపులా అని పెట్టండి. రంగు కావాల్సినవాళ్లు ఆ ఒక్కసారికి మార్చుకుంటారు. వెబ్ పేజీలు, ఈమెయిళ్లు అనవసరంగా కలర్‌లో రావడం ఆగిపోతుంది. గ్రేస్కేల్‌లో 'బ్లాక్ టోనర్ మాత్రమే' అన్న ఎంపిక విడిగా ఉంటే అదీ ఆన్ చేయండి. లేకపోతే కొన్ని మెషీన్లు బూడిద రంగును మూడు రంగులూ కలిపి తయారుచేస్తాయి.

ప్రింటర్ ఐపీ అడ్రస్‌ను బ్రౌజర్‌లో కొడితే దాని సొంత పేజీ తెరుచుకుంటుంది. ముందు అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. ఎవరెవరు కలర్ తీయవచ్చో పెట్టే సౌకర్యం చాలా ఆఫీసు మోడళ్లలో అక్కడే ఉంటుంది. ఫర్మ్‌వేర్ తనంతట తానే అప్‌డేట్ అవ్వాలా వద్దా అన్నదీ అక్కడే. భద్రత కోసం అప్‌డేట్లు అవసరమే. కంపాటిబుల్ టోనర్ వాడేవాళ్లు మాత్రం ఆటోమేటిక్‌గా వదిలేయకుండా చదివి చేసుకోవాలి. ఎకో మోడ్ లేదా టోనర్ సేవ్‌ను లోపల వాడే కాగితాలకు పెట్టుకోండి, బయటికి పంపేవాటికి వద్దు.

టోనర్ అయిపోవచ్చిందని మెసేజ్ రాగానే కొత్తది కొని పక్కన ఉంచుకోండి, కానీ వెంటనే మార్చకండి. ఆ హెచ్చరిక తర్వాత కూడా చాలా పేజీలు వస్తాయి. అక్షరం పలచబడ్డాకో, మెషీన్ ఇక ఒప్పుకోనన్నాకో మార్చండి. మార్చిన రోజు తేదీ, పేజీ కౌంటర్ అంకె కార్ట్రిడ్జ్ పెట్టె మీదే రాసిపెట్టండి. తర్వాతిసారి మార్చినప్పుడు తేడా తీస్తే ఆ టోనర్ మీ ఆఫీసులో నిజంగా ఎన్ని పేజీలిచ్చిందో తెలుస్తుంది. రెండు మూడు సార్లయ్యాక మీ మూడేళ్ల లెక్కలో కంపెనీ ఈల్డ్ తీసేసి ఈ అంకె పెట్టండి. అది కంపెనీ చెప్పినదానికి సగం కూడా లేకపోతే సప్లైస్ పేజీలో సగటు కవరేజ్ (పేజీలో టోనర్ పడిన చోటు శాతం) ఎంతుందో చూడండి. 5 శాతానికి బాగా ఎక్కువగా ఉంటే ఏ ఫైళ్లు నిండు రంగుతో వెళ్తున్నాయో వెతకాలి, కవరేజ్ మామూలుగానే ఉంటే వారంటీ ఉండగానే సర్వీసు వాళ్లను పిలవాలి.